వారానికి 40 గంటలు: ఆటిజం థెరపీలో ఈ లెక్క ఎక్కడిది?

[తెరపై: బొమ్మలు పరిచిన చాప, వెనుక గోడ గడియారం]

వ్యాఖ్యాత: బిడ్డకు ఆటిజం ఉందని డాక్టరు నిర్ధారించిన తరువాత, థెరపీ సెంటరుకు వెళ్లిన తల్లిదండ్రులకు ముందుగా ఎదురయ్యేది గంటల లెక్క. వారానికి 10 గంటలా, 25 గంటలా, 40 గంటలా అన్నదాన్ని బట్టే ఇంటి ఖర్చు, ఒక్కోసారి తల్లి ఉద్యోగం కూడా తేలిపోతాయి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ ఖర్చులో కొంత బీమా ద్వారా వస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారిలో చాలామంది సొంత జేబు నుంచే పెట్టుకోవలసి వస్తుంది. అందువల్ల ఆ 40 అనే అంకె ఎలా పుట్టిందో, తరువాతి పరిశోధనల్లో అది ఎంతవరకు నిలిచిందో తెలుసుకోవడం అవసరం.

[తెరపై: 1987, లాస్ ఏంజిలస్]

ఐవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జరిపి, 1987లో ప్రచురించిన అధ్యయనం దీనికి మూలం. నాలుగేళ్ల లోపు పిల్లలు 19 మందికి, రెండేళ్లకు తగ్గకుండా, వారానికి 40 గంటల స్థాయిలో, ఒక్కొక్కరికి విడిగా ఏబీఏ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. ఏబీఏ అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. నేర్పవలసిన పనిని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, బిడ్డ సరిగ్గా చేసిన ప్రతిసారీ వెంటనే మెచ్చుకోలు గానీ ఇష్టమైన వస్తువు గానీ అందించి, ఆ ప్రవర్తనను అలవాటుగా మార్చడం అందులోని సూత్రం.

ఆ 19 మందిలో 9 మంది, అంటే 47 శాతం, సాధారణ స్థాయి ఐక్యూ సాధించి మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తి చేశారని, అంత శిక్షణ అందని 40 మందిలో ఒక్కరే ఆ స్థాయికి చేరారని లోవాస్ ప్రకటించారు. ఆటిజం ఉన్న పిల్లలకు ఏమీ నేర్పలేమన్న నిరాశ బలంగా ఉన్న ఆ రోజుల్లో ఈ ఫలితం ఎంత సంచలనం కలిగించిందో ఊహించవచ్చు.

అయితే ఏ బిడ్డ ఏ వర్గంలోకి వెళ్లాలన్నది అక్కడ లాటరీ తీసి నిర్ణయించలేదు. శిక్షకులు అందుబాటులో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి పిల్లలను విభజించారు కనుక, రెండు వర్గాలూ మొదటి నుంచీ సమానంగానే ఉన్నాయని నమ్మకంగా చెప్పలేము. ఇంకొక విషయం చాలా ప్రచారాల్లో కనిపించదు: ఆనాటి శిక్షణలో గట్టిగా గద్దించడం, తొడ మీద చరచడం కూడా భాగంగా ఉండేవి. నేటి ఏబీఏ శిక్షకుల్లో అత్యధికులు అటువంటి శిక్షలకు దూరంగా ఉంటారు. అలాంటప్పుడు ఆనాటి 47 శాతాన్ని నేటి పద్ధతికి హామీగా చూపడం సరికాదని నా అభిప్రాయం.

[తెరపై: రెండు వర్గాలుగా విడిపోతున్న చిన్న చిన్న బొమ్మలు]

వ్యాఖ్యాత: లాటరీ పద్ధతిలో విభజించి చూసినప్పుడు ఏమైంది? ట్రిస్ట్రమ్ స్మిత్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో 28 మంది పిల్లలు పాల్గొన్నారు. కొందరికి ముమ్మర శిక్షణ, మిగిలినవారి తల్లిదండ్రులకు తర్ఫీదు ఇచ్చారు. ముమ్మర శిక్షణ పొందిన పిల్లలు ఐక్యూలో, చదువు సంబంధమైన నైపుణ్యాలలో ముందుకు వెళ్లారు గానీ, స్నానం, తిండి, బట్టలు, నలుగురితో మెలగడం వంటి రోజువారీ జీవన సామర్థ్యంలో తేడా కనిపించలేదు. ఇంట్లో తల్లిదండ్రులు ఎదురుచూసే మార్పు ఎక్కువగా ఈ రెండో రకానిదే. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ ముమ్మర ఏబీఏపై 2018లో వెలువరించిన సమీక్షకు ప్రమాణాలకు నిలిచిన అధ్యయనాలు ఐదే దొరికాయి. వాటిలో లాటరీ పద్ధతి పాటించినది ఒక్కటి. కొంత మేలు జరుగుతున్నట్టు కనిపిస్తున్నా, ఆధారం బలహీనమైనదని ఆ సమీక్ష తేల్చింది.

ఈలోగా పద్ధతులు కూడా మారాయి. బల్ల ముందు కూర్చోబెట్టి ఆదేశాలిచ్చే శిక్షణకు బదులు, బిడ్డ ఆడుకుంటున్న ఆటలోకే పెద్దవారు ప్రవేశించి నేర్పే విధానాలు వచ్చాయి. సాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ రూపొందించిన ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ వాటిలో పేరున్నది. 48 మంది పిల్లలతో జరిగిన 2010 నాటి అధ్యయనంలో, ఈ శిక్షణ పొందినవారి ఐక్యూ రెండేళ్లలో సగటున 17.6 పాయింట్లు పెరగగా, స్థానికంగా దొరికే సేవలు పొందినవారిది 7 పాయింట్లు పెరిగింది. కానీ 118 మందితో మూడు కేంద్రాల్లో మళ్లీ పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించినప్పుడు, భాషలో మాత్రమే, అదీ రెండు కేంద్రాల్లోనే స్పష్టమైన మేలు కనిపించింది.

[తెరపై: వందల పరిశోధన పత్రాల దొంతర]

వ్యాఖ్యాత: ఇక అన్నింటినీ కలిపి చూసిన పరిశోధన ఒకటి ఉంది. మైఖేల్ శాండ్‌బ్యాంక్ అనే పరిశోధకురాలి బృందం 2020లో 6,240 మంది పిల్లలకు సంబంధించిన 150 నివేదికలను పరిశీలించింది. లాటరీ పద్ధతి పాటించి, ఏ బిడ్డకు ఏ శిక్షణ అందిందో తెలియనివారు కొలిచిన ఫలితాలను మాత్రమే లెక్కలోకి తీసుకున్నప్పుడు, ఏ రకం థెరపీకీ గట్టి ప్రభావం నిరూపితం కాలేదు. థెరపీ ఇచ్చినవారో, నెలల తరబడి దాని కోసం తిరిగిన తల్లిదండ్రులో ఫలితాన్ని కొలిస్తే, అది వండినవారే రుచి చూసి మార్కులు వేసుకోవడం వంటిది. ఇది థెరపీలన్నీ వృథా అన్న తీర్పు కాదు; ప్రభావం ఉందని ఒప్పించగల పరీక్షలు చాలినన్ని జరగలేదన్న నిర్ధారణ. అదే పరిశోధకురాలి ఆధ్వర్యంలో 2024లో వచ్చిన మరో విశ్లేషణ, 144 అధ్యయనాలను గాలించి, థెరపీ గంటలు పెరిగిన కొద్దీ మేలు పెరుగుతుందన్నదానికి ఆధారం దొరకలేదని తెలిపింది.

తల్లిదండ్రుల ద్వారా నడిచే పద్ధతులను పరీక్షించిన అధ్యయనాల్లో మన దేశానికీ స్థానం ఉంది. బ్రిటన్‌లో పుట్టిన ఒక పద్ధతిని గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. తల్లి బిడ్డతో ఆడుకుంటున్నప్పుడు వీడియో తీసి, బిడ్డ చూపుతో గానీ సైగతో గానీ ఏదైనా తెలియజేసిన క్షణాలను ఆమెకే చూపించి, అప్పుడు ఎలా స్పందించవచ్చో మాట్లాడుకుంటారు. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు, ఆరు నెలల్లో 12 విడతలుగా ఈ పని చేశారు. తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తామే చొరవ తీసుకోవడం పెరిగింది. అయితే ఇద్దరూ ఒకే వస్తువు మీద కలిసి దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. ఎదురు ఫలితాన్ని కూడా దాచకుండా ప్రకటించడం ఈ అధ్యయనంలో నాకు నచ్చిన అంశం.

ఎందుకంటే ఈ రంగంలో నష్టాల లెక్క రాసేవారు అరుదు. బిడ్డ ఏడ్చిందా, అలసిపోయిందా, శిక్షణ మధ్యలో మానేసినవారు ఎందుకు మానేశారు అన్న వివరాలు చాలా అధ్యయనాల్లో ఉండవు. చిన్నప్పుడు ఏబీఏ పొందిన ఆటిస్టిక్ పెద్దవారిలో కొందరు, తమ సహజమైన కదలికలను అణచుకోవడమే తమకు నేర్పారని బహిరంగంగా విమర్శిస్తున్నారు. కాబట్టి సెంటరువారు గంటల సంఖ్య చెప్పినప్పుడు, ఈ బిడ్డ విషయంలో ఏ మార్పును కొలుస్తారు, ఎవరు కొలుస్తారు, ఎన్ని వారాలకు తిరిగి చూస్తారు, మార్పు రాకపోతే ఏం మానేస్తారు అని అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోవడం తల్లిదండ్రుల హక్కు.