శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రివ్యూ: ఒకే కప్పు కింద

అందరికీ నమస్కారం. ముందుగానే చెప్పేస్తున్నా, ఈ వీడియో కోసం ఒక కార్డు కంపెనీ నాకు లాంజ్ పాస్ ఉచితంగా ఇచ్చింది. లాంజ్‌లో కాఫీ బాగుంది. దాని గురించి అంతే.

రన్‌వే 4,260 మీటర్లు, స్థలం 5,500 ఎకరాలు... ఈ లెక్కలన్నీ మీరు చూసే ఉంటారు. నాకు నచ్చింది ఒక్కటే. దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలు రెండూ ఒకే కప్పు కింద ఉండటం.

ఇది చిన్న విషయం కాదండీ. పోయినేడాది ఇంకో నగరంలో విమానం మారాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు బస్సులో వెళ్లాలి. ఆవకాయ సీసా ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని, ఫ్లైట్ పోతుందేమోనని దారి పొడవునా ఒకటే టెన్షన్. అదే శంషాబాద్‌లో అయితే విశాఖ నుంచి దిగి దుబాయ్ ఎక్కాలన్నా అదే భవనం.

అంతకుముందు హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ ఉన్న బేగంపేటలో డొమెస్టిక్ వేరు, ఇంటర్నేషనల్ వేరు. చుట్టూ ఊరు కమ్మేసింది, ఇక పెరగడానికి చోటేది? 2008 మార్చిలో శంషాబాద్ మొదలైంది. రాజాంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థకు ఇందులో 63 శాతం వాటా. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, రాష్ట్ర ప్రభుత్వానికి 13, మలేషియా సంస్థకు 11. ఆ 11 శాతాన్ని కూడా తర్వాత జీఎంఆరే కొనేసింది.

మొదట్లో ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపోయేలా కట్టారు. ఇప్పుడు సామర్థ్యం 3.4 కోట్లు. ఇంత పెంచాల్సి వచ్చినప్పుడు పక్కన ఇంకో టెర్మినల్ కట్టేయలేదు, ఉన్న భవనాన్నే అటు తూర్పుకీ ఇటు పడమరకీ సాగదీశారు. మధ్యలో కొన్నేళ్లు విదేశాలకు వెళ్లేవాళ్లకు తాత్కాలిక టెర్మినల్ నడిపి, 2022 నవంబరులో మళ్లీ పెద్ద భవనంలోకి తెచ్చారు. విమానాలు తిరుగుతుండగానే భవనం పెంచడమంటే, కాపురం చేస్తూనే ఇంటికి గదులు వేసుకోవడం లాంటిది. నాకు నిజంగా గౌరవం కలిగింది.

లోటు లేదా అంటే, ఉంది. మెట్రో! పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద పుష్పక్ బస్సులు తిరుగుతున్నాయి, మంచిదే. కానీ ఇన్ని కోట్ల మంది వచ్చిపోయే చోటికి 2008 నుంచి ఇప్పటిదాకా రైలు లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. టికెట్‌లో యూడీఎఫ్, అంటే ఎయిర్‌పోర్ట్ అభివృద్ధి కోసం ప్రయాణికుల నుంచి తీసుకునే రుసుము కూడా కడుతున్నాం కదా. అది ఎంతో నిర్ణయించేది ఎయిర్‌పోర్ట్ ఛార్జీలను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఈఆర్ఏ.

అయినా పదికి తొమ్మిది ఇస్తున్నా. సంక్రాంతికి అమ్మ విశాఖ నుంచి వస్తోంది, ఇద్దరం అక్కడి నుంచే దుబాయ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాం. ఈసారి సీసాలు రెండు.