సాయం అందుకునేవారే యజమాని

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో పెద్దవారికి పక్షవాతం వచ్చినా, ఎవరికైనా ప్రమాదంలో కాళ్లు చచ్చుబడినా ముందు వినిపించే మాట ఒకటుంది: "మేముండగా పరాయి మనిషి ఎందుకు?" ఆ మాట వెనక ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. అయితే ఆ భారమంతా చాలా ఇళ్లలో ఒక్క కోడలి మీదో, ఒక్క కూతురి మీదో పడుతుంది. ఏ పూట స్నానం చేయాలనుంది, ఎవరు చేయిస్తే ఇబ్బంది ఉండదు అని మంచంలో ఉన్న మనిషిని అడిగేవారు మాత్రం ఉండరు. ఈ రోజు నేను ఆ మనిషి పక్షాన మాట్లాడతాను: కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, ఇచ్చే డబ్బుతో సహాయకులను తామే పెట్టుకోవడం గురించి.

సహాయకులను సొంతంగా నియమించుకునే హక్కు ఇక్కడ ఊరికే రాలేదు. హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే చెషైర్ హోమ్‌లో, అంటే వికలాంగుల సంరక్షణ గృహంలో, ఉండేవారు 1970ల చివర్లో ఒక లెక్క వేశారు. తమను హోమ్‌లో ఉంచడానికి కౌన్సిల్ పెట్టే ఖర్చును తమకే ఇస్తే, సొంత ఇంట్లో ఉంటూ కావలసిన మనుషులను తామే పెట్టుకుంటామన్నారు. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం కావడంతో ఆ ప్రయత్నాన్ని 'ప్రాజెక్ట్ 81' అన్నారు. వారిలో ఒకరైన జాన్ ఎవాన్స్ 1983లో హోమ్ విడిచి బయటికి వచ్చారు. 1948 నాటి సంక్షేమ చట్టం వికలాంగులకు నేరుగా నగదు ఇవ్వడానికి ఒప్పుకునేది కాదు. పోరాటం సాగి సాగి 1996లో, సేవకు బదులు డబ్బే చేతికిచ్చే డైరెక్ట్ పేమెంట్ల చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమలైంది. 65 ఏళ్లు దాటినవారికి 2000లో గానీ ఆ అవకాశం దక్కలేదు. ఇప్పుడు దీనికి ఆధారం 2014 కేర్ యాక్ట్, అంటే సంరక్షణ చట్టం.

ఆ డబ్బుతో ఒక మనిషిని పనిలో పెట్టుకుంటే మీరు చట్టం దృష్టిలో యజమాని. మొదటి రోజే షరతులు కాగితం మీద ఇవ్వాలి. కనీస వేతనం, ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు, కనీసం 50 లక్షల పౌండ్ల యజమాని బాధ్యతా బీమా తప్పనిసరి. జీతాల లెక్కలు చూసిపెట్టే సంస్థలున్నాయి. ఆ ఖర్చును డైరెక్ట్ పేమెంట్‌లో చేర్చమని కౌన్సిల్‌ను అడగండి. "మన ఊరి అబ్బాయే, ఇక్కడ చదువుకుంటున్నాడు" అని చేతికి నగదు ఇచ్చి పని చేయించుకోవద్దు. డిగ్రీ చదివే వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో సాధారణంగా వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. పని చేసే హక్కు లేనివారిని ఆ సంగతి చూసుకోకుండా పెట్టుకుంటే మొదటిసారికే 45,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు, ఆ పిల్లవాడి వీసాకూ ముప్పే. ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువుకు ఈ డబ్బుతో జీతం ఇవ్వడం కూడా ప్రత్యేక కారణం ఉంటే తప్ప కుదరదు.

ఇక శిక్షణ. నా మనసంతా దీని మీదే ఉంది. ఎక్కువ అనుభవం ఉన్న సహాయకుల కంటే శ్రద్ధగా వినే సహాయకులు మేలని నేను గట్టిగా నమ్ముతాను. పక్షవాతంతో మాట తడబడే మనిషి ఒక వాక్యం పూర్తి చేయడానికి సమయం పడుతుంది. ఆ వాక్యాన్ని తాము పూర్తి చేయకుండా ఆగడం సహాయకులు నేర్చుకోవలసిన మొదటి పని. దాన్ని నేర్పగలిగేది ఆ మనిషే.

కొన్ని విషయాలు మాత్రం నిపుణులే నేర్పాలి. మింగడం కష్టమైనవారికి మన చారన్నం ప్రమాదం కావచ్చు. పలుచటి ద్రవం, మెతుకులు ఒకేసారి నోట్లోకి వెళితే ద్రవం ఊపిరితిత్తుల వైపు జారే అవకాశం ఎక్కువ. ఎంత చిక్కగా ఉండాలో స్పీచ్ థెరపిస్టు చెబుతారు. ఆ రోజు సహాయకులను కూడా వంటింట్లో నిలబెట్టి వినిపించండి. వెన్నుపాముకు మెడ దగ్గర గానీ ఛాతీ పైభాగంలో గానీ దెబ్బ తగిలినవారికి మూత్రపు గొట్టం మడతపడినా చాలు, రక్తపోటు ప్రాణాంతకంగా పెరగవచ్చు. తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు కనబడగానే కూర్చోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి, గొట్టం చూడాలి, తగ్గకపోతే అత్యవసర నంబరు 999కు ఫోను చేయాలి. ఇది తెలియని మనిషిని రాత్రి కాపలాకు ఒంటరిగా ఉంచకూడదు. హాయిస్ట్‌తో, అంటే మనిషిని ఎత్తే యంత్రంతో, లేపడం కూడా అంతే, వీడియో చూసి నేర్చుకునేది కాదు. ఇలాంటి శిక్షణ ఖర్చు కోసం స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ మీలా సొంతంగా సహాయకులను పెట్టుకునే యజమానులకు నిధులు ఇస్తూ వచ్చింది. మీ కౌన్సిల్‌లో ఆరా తీయండి. శిక్షణకు వెళ్లిన గంటలకు కూడా జీతం ఇవ్వాలి.

చివరగా ఒక్క మాట. సహాయకులకు జ్వరం వస్తుంది, సెలవు కావాలి, ఉద్యోగం మారతారు. అవసరాల అంచనాకు కౌన్సిల్ వారు వచ్చినప్పుడే ఆ రోజుల సంగతి అడిగి, ప్రత్యామ్నాయం కోసం డబ్బు ప్రణాళికలో రాయించుకోండి. నియామక పత్రం నమూనాలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. ఇంట్లో సాయం అందుకుంటున్నవారు ఎవరైనా వచ్చి ఉంటే ముందు వారిని మాట్లాడనిద్దాం.