వేసవి బయాలజీ ల్యాబ్: ఎనిమిది వారాల్లో ఏం తేలుతుంది, ఏం చెడుతుంది

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎక్కువగా ఇక్కడ అమెరికాలో తొమ్మిది నుంచి పదకొండో గ్రేడ్ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఉన్నారు. వేసవిలో ల్యాబ్ పని చేయించే ఏ ప్రోగ్రాంకి అప్లై చేయాలి, సీటు ఎలా వస్తుంది అన్న ప్రశ్నతోనే చాలామంది వచ్చి ఉంటారు. దానికి కొంత సమయం ఇస్తాను. అంతకన్నా ఎక్కువ సమయం, సీటు వచ్చాక ల్యాబ్ బల్ల దగ్గర జరిగే పనికి ఇస్తాను. ఎనిమిది వారాలని బ్రోషర్‌లో ఉన్నది చేతికొచ్చేసరికి నాలుగున్నర వారాలవుతుంది. ఆ నాలుగున్నర వారాల్లో ఒకసారి చెడినా మళ్లీ చేసుకునే వీలున్న ప్రశ్న పట్టుకున్నవాళ్లు ఏదో ఒకటి తేల్చుకుని వస్తారు. క్యాన్సర్ సంగతి చూస్తానని వెళ్లినవాళ్లు ఎక్కువగా, చివర్లో ఫలితాలు చూపించే పోస్టర్ మీద వేరేవాళ్ల బొమ్మలు పెట్టుకుని వస్తారు.

లెక్క చూడండి. మొదటి వారం భద్రతా శిక్షణ, ఐడీ కార్డు, రసాయన వ్యర్థాల పాఠం, ఆన్‌లైన్ మాడ్యూళ్లతో పోతుంది. ఎలుకలతో పని అయితే జంతువుల శిక్షణ వేరే, ఆ ల్యాబ్ అనుమతి పత్రంలో మీ పేరు చేర్చడం వేరే. అది ముగిసేసరికి జూలై వచ్చేస్తుంది. జూలై 4 సెలవు. చివరి వారం పోస్టర్‌కి పోతుంది. మధ్యలో పైపెట్ (కొద్దికొద్ది ద్రవాల్ని కొలిచే సాధనం) పట్టడం, జెల్ (డీఎన్ఏ ముక్కల్ని సైజు వారీగా వేరుచేసే పలక) పోయడం నేర్చుకోవడానికి ఒక వారం. మెంటర్ కాన్ఫరెన్సుకి వెళ్లిన రోజులు, మెషీన్ ఖాళీ లేని రోజులు కూడా తీసేయండి.

అందుకే ప్రశ్న కన్నా ముందు జీవిని చూడాలి. ఎలుక గర్భం సుమారు 20 రోజులు, పిల్ల ఎదిగి జతకట్టే వయసుకి రావడానికి మరో ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంటే వేసవిలో ఒక తరం కూడా రాదు. పండ్ల ఈగకి 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి పది రోజులు పడుతుంది. రెండు తరాల క్రాస్ (జత కలిపి సంతానాన్ని చూడటం) అంటే మూడు వారాలు, ఒక్క సీసా బూజు పట్టినా కథ ముగిసింది. సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగు 20 డిగ్రీల దగ్గర మూడున్నర రోజుల్లో పెద్దదవుతుంది, ఒక్కోటి 300 దాకా పిల్లల్ని కంటుంది. ఈ.కొలై బ్యాక్టీరియా మంచి పోషకాల్లో 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. సమ్మర్ సైన్స్ ప్రోగ్రాం అనే హైస్కూల్ వేసవి కార్యక్రమం, తన బ్యాక్టీరియల్ జీనోమిక్స్ పాఠానికి విబ్రియో నాట్రీజెన్స్ అనే బ్యాక్టీరియాని ఎంచుకోవడంలో ఉన్న తెలివి ఇదే. అది పది నిమిషాలలోపే రెట్టింపవుతుంది కాబట్టి, యాంటీబయాటిక్ నిరోధకత పుట్టుకు రావడాన్ని కొన్ని వారాల్లోనే చూడొచ్చు.

పురుగుల్లో ఆర్ఎన్ఏఐ (ఎంచుకున్న జన్యువు పనిని ఆపే పద్ధతి) చేసే ప్రాజెక్టు ఒకటి తీసుకుందాం. హైస్కూల్ విద్యార్థికి ఇంతకన్నా బాగా అమరేది అరుదు. హెచ్‌టీ115 అనే ఈ.కొలై రకంలో, మీరు ఆపదలచుకున్న జన్యువు తాలూకు ముక్క ఉన్న ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ఉంటుంది. ఆ బ్యాక్టీరియాని తిన్న పురుగుల్లో ఆ జన్యువు ఆగుతుంది. సోమవారం ఆ బ్యాక్టీరియాని అగర్ ప్లేట్ మీద గీస్తారు. మంగళవారం ఒక్క కాలనీ (ఒకే కణం నుంచి పెరిగిన చుక్క) తీసి ద్రవంలో పెంచుతారు. బుధవారం ఆ కల్చర్‌ని, 1 మిల్లీమోలార్ ఐపీటీజీ (ప్లాస్మిడ్‌లోని ముక్కని పని మొదలుపెట్టించే రసాయనం), మిల్లీలీటరుకి 25 మైక్రోగ్రాముల కార్బెనిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ఎన్‌జీఎం ప్లేట్ల (పురుగుల్ని పెంచే అగర్ ప్లేట్ల) మీద వేసి ఆరనిస్తారు. గురువారం ఎల్4 దశ (పెద్దదయ్యే ముందు చివరి పిల్ల దశ) పురుగుల్ని పెడతారు. మరో రోజుకి తల్లుల్ని కొత్త ప్లేటుకి మార్చి, తర్వాతి సోమ, మంగళవారాల్లో పిల్లల్ని లెక్కిస్తారు. అంటే ఒక విడతకి వారం మీద ఒకరోజు. ప్రతి సోమవారం కొత్త విడత మొదలుపెట్టుకుంటూ పోతే నాలుగున్నర వారాల్లో మూడు విడతలు ముగిసి, ఒకటి చెడిపోవడానికి కూడా చోటుంటుంది.

ప్రతి విడతలో మూడు రకాల ప్లేట్లు ఉండాలి. ఒకటి మీ జన్యువుది. రెండోది ఏ జన్యువూ లేని ఖాళీ ప్లాస్మిడ్ ఎల్4440ది. మూడోది అంక్-22 అనే, ఆపితే ఏమవుతుందో ముందే తెలిసిన జన్యువుది. అంక్-22ని ఆపితే పురుగులు ఒళ్లంతా వణుకుతాయి, మైక్రోస్కోప్‌లో కొత్తవాళ్లకైనా కనిపిస్తుంది. ఆ ప్లేటులో వణుకు లేకపోతే మీ జన్యువు గురించి ఆ వారం ఏమీ చెప్పలేరు. కారణం ఐపీటీజీ పాతబడటం కావచ్చు, ప్లేట్లు వెలుతురులో ఎక్కువ రోజులు ఉండటం కావచ్చు, కల్చర్ తప్పు సీసా నుంచి వచ్చి ఉండొచ్చు. నేను ఎక్కువగా అనుమానించేది మరొకటి. పురుగులు మామూలుగా తినే ఓపీ50 బ్యాక్టీరియా వాటి ఒంటికి అంటుకుని కొత్త ప్లేటుకి వచ్చేస్తుంది. పురుగులు దాన్నే తింటాయి, మీ ఆర్ఎన్ఏఐ బలహీనపడుతుంది. అందుకని ముందు మేత లేని ప్లేటు మీద అరగంట తిరగనిచ్చి, అప్పుడు మార్చాలి.

లెక్కపెట్టేటప్పుడు ఏ ప్లేటు ఏదో మీకు తెలియకూడదు. పక్కవాళ్లతో ప్లేట్ల మీద అంకెలు వేయించి, ఏ అంకె ఏ ప్లేటుదో ఆ జాబితా వాళ్ల నోట్‌బుక్‌లో ఉంచండి. ఒకే కల్చర్ నుంచి ఒకే రోజు వేసిన మూడు ప్లేట్లు ఒక్క ప్రయోగం కిందే లెక్క. వాటిని మూడుగా చూపించి తేడా తేలిందని రాస్తే పోస్టర్ దగ్గర నిలబడిన జడ్జి అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఇప్పుడు పీసీఆర్, అంటే ఒక డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని నకళ్లు తీయడం. దాదాపు ప్రతి ప్రోగ్రాంలో ఉంటుంది, దాదాపు ప్రతివాళ్లకీ మొదటిసారి చెడుతుంది. 25 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి, రెండింతల గాఢత ఉన్న మాస్టర్ మిక్స్ (ఎంజైము, మిగతా సరుకులు ముందే కలిపిన ద్రవం) 12.5, పది మైక్రోమోలార్ ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఒక్కోటి 1.25, డీఎన్ఏ 1, నీళ్లు 9 మైక్రోలీటర్లు. పది ట్యూబులుంటే పదకొండింటికి కలపండి. టిప్పు గోడలకి అంటుకుని పోయేదే ఒక ట్యూబు తక్కువ చేస్తుంది. ఆ ట్యూబుల్లో ఒకదాంట్లో డీఎన్ఏ బదులు నీళ్లు, మరొకదాంట్లో పనిచేస్తుందని ముందే తెలిసిన డీఎన్ఏ ఉండాలి.

చెడినప్పుడు ఆ రెండు ట్యూబులే దారి చూపిస్తాయి. తెలిసిన డీఎన్ఏకి కూడా జెల్ మీద బ్యాండ్ (డీఎన్ఏ ఉందని చూపే గీత) రాలేదంటే, మిక్స్‌లో ఏదో మర్చిపోయారు లేదా మెషీన్ ప్రోగ్రాం తప్పు. దానికి వచ్చి మీ శాంపిల్‌కి రాలేదంటే మీ డీఎన్ఏలోనే లోపం ఉంది. నీళ్ల ట్యూబులో బ్యాండ్ వచ్చిందంటే ఎక్కడో కలుషితమైంది. అప్పుడు ఆ జెల్ మీద ఉన్న దేన్నీ నమ్మకూడదు, ఎంత అందంగా ఉన్నా సరే. వంద బేస్‌లకన్నా కింద మసకగా ఉన్న బ్యాండ్ ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్నది, అది ఫలితం కాదు. లేన్ (జెల్ మీద ఒక శాంపిల్ నడిచే వరుస) అంతా గీత గీసినట్టు పాకితే డీఎన్ఏ ఎక్కువైంది, లేదా ప్రైమర్ అతికే ఉష్ణోగ్రత తక్కువైంది.

జెల్ విషయంలో జరిగేవి అమాయకమైన తప్పులు. ఒక శాతం జెల్ అంటే కరెంటు మోసే టీఏఈ బఫర్ ద్రావణం వంద మిల్లీలీటర్లలో ఒక గ్రాము అగరోజ్ పొడి. బఫర్ సీసా పక్కనే నీళ్ల సీసా ఉంటుంది. నీళ్లలో కరిగించినా జెల్ చక్కగానే గడ్డకడుతుంది, కరెంటు పెట్టాకే డీఎన్ఏ సరిగా కదలదని తెలుస్తుంది. డీఎన్ఏకి రుణావేశం ఉంటుంది కాబట్టి ఎరుపు తీగ వైపు పరుగెడుతుంది. శాంపిల్ వేసే గుంతలు నలుపు తీగ వైపు ఉండాలి. తీగలు తారుమారైతే పది నిమిషాల్లో మీ శాంపిల్ వెనకనుంచి బఫర్‌లోకి పోతుంది.

మీ ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా మాత్రమే పెరగాల్సిన యాంటీబయాటిక్ ప్లేట్లు పోసేటప్పుడు, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) నుంచి తీసిన అగర్ 55 డిగ్రీలకి దిగేదాకా ఆగాలి. తొందరపడి కలిపితే ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ పాడై, ప్లేటంతా బ్యాక్టీరియా పచ్చికలా పెరుగుతుంది. మరీ ఆలస్యం చేస్తే సీసాలోనే గడ్డకడుతుంది. ప్లేటు పేరు మూత మీద కాకుండా అడుగున రాయండి. మూతలు మారిపోతాయి. 16 నుంచి 18 గంటల తర్వాత ఇంక్యుబేటర్ నుంచి తీసేయాలి. శుక్రవారం పెట్టి సోమవారం చూస్తే పెద్ద కాలనీల చుట్టూ చిన్నచిన్నవి పుడతాయి. పెద్దవి విడుదల చేసే ఎంజైము చుట్టూ ఉన్న మందుని కరగదీయడం వల్ల బతికినవి అవి. వాటిలో మీ ప్లాస్మిడ్ ఉండదు. ఆ చిన్న కాలనీలు తీసుకుని వారం పోగొట్టుకోవడం మామూలే.

పైపెట్ గురించి ఒక్క మాట. 20 మైక్రోలీటర్ల దాకా కొలిచే పి20ని 20 దాటి తిప్పకండి, కొలత చెడుతుంది. మొదటి ఆగుడు దాకా నొక్కి ద్రవం పీల్చాలి, వదిలేటప్పుడు రెండో ఆగుడు దాకా నొక్కాలి. మొదటి రోజే వంద మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు తూకం మీద వదిలి చూడండి. ప్రతిసారీ 0.1 గ్రాముకి దగ్గరగా రావాలి. 0.09, 0.11 అంటూ ఊగుతుంటే ఆ చేత్తో ఇంకా పీసీఆర్ చేయకూడదు.

ఇక అప్లికేషన్లు. ఉచితంగా లేదా స్టైపెండ్‌తో నడిచేవి ఉన్నాయి. ఎంఐటీలో జరిగే రిసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ 1984లో మొదలైంది, ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు, పోటీ ఎక్కువ. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో సైమన్స్ ప్రోగ్రాంకి స్కూలు నామినేషన్ కావాలేమో చూసుకోండి, అందుకు కౌన్సెలర్‌ని ముందే కలవాలి. చాలా ల్యాబులు 16 ఏళ్లు నిండాలంటాయి. గడువులు చలికాలంలోనే ముగుస్తాయి, సిఫారసు లేఖలు నవంబరులోనే అడగండి.

మన ఇళ్లలో చాలామందికి తగిలే సంగతి వీసా. ప్రభుత్వ శిక్షణ నిధులతో నడిచే వాటిలో చాలావరకు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి ఉండదు కాబట్టి స్టైపెండ్ కూడా చిక్కే. వ్యాసాలు రాయడానికి ముందే ఆ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి. ఫీజు తీసుకునే ప్రోగ్రాముల్ని కూడా ప్రశ్నించండి: రోజూ బల్ల దగ్గర పక్కన ఉండేదెవరు? చేసేది కొత్త ప్రయోగమా, జవాబు ముందే తెలిసిన పాఠమా? రెండోది తప్పేం కాదు, కానీ దాన్ని పరిశోధన అని అమ్మకూడదు. ప్రొఫెసర్లకు నేరుగా రాసే మెయిల్ పది వాక్యాలు దాటొద్దు, పిల్లలే రాయాలి. నాన్న రాసిన మెయిల్ మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

పేరున్న చోటికి వెళ్తేనే భవిష్యత్తు అనుకునేవాళ్లు డేవిడ్ బాల్టిమోర్ ఉదాహరణ చెబుతారు. 1955లో హైస్కూల్లో ఉండగా ఆయన మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబొరేటరీకి వెళ్లారు, అక్కడే హోవర్డ్ టెమిన్ పరిచయమయ్యారు. 1975లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నిజమే. అయితే ఆ బహుమతి తెచ్చిన రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ తయారుచేసే ఎంజైము) పని 1970 నాటిది, ఇద్దరూ విడివిడిగా చేసినది. ఆ వేసవి ఇచ్చింది పరిచయం, ఆసక్తి. మీ పిల్లల నుంచి ఆగస్టుకల్లా పేపరు ఆశించకండి.

చివరి వారం పోస్టర్‌తో పాటు మరో పని ఉంది. ఉపయోగపడే బ్యాక్టీరియా కల్చర్‌ని 50 శాతం గ్లిసరాల్‌తో సగం సగం కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి, ఏ పెట్టెలో ఏ గడిలో ఉందో నోట్‌బుక్‌లో రాయాలి. నోట్‌బుక్ ల్యాబ్‌దే, అక్కడే వదిలి రావాలి. పేజీల ఫొటోలకి, డేటాకి అనుమతి అడిగి తీసుకోండి. ఆ పనిని సైన్స్ ఫెయిర్‌కి తీసుకెళ్లాలనుకుంటే, ఐసెఫ్ (అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్) నిబంధనల ప్రకారం ఫారం 1సీ ల్యాబ్ పర్యవేక్షకులు ప్రయోగాలు ముగిశాక నింపి సంతకం చేయాలి. వాళ్లు వేరే ఊరు మారకముందే, అంటే మీరు బ్యాడ్జ్ తిరిగిచ్చే రోజే చేయించుకోండి.

ఇక ప్రశ్నలు. ముందు పిల్లలు అడగండి, ఆ తర్వాత పెద్దలు.