నీటి తాబేలుకు పొడి చోటు

అందరికీ నమస్కారం.

అక్వేరియం షాపులో చిన్న గిన్నెలో ఈదే పిల్ల, చెవి దగ్గర ఎర్ర చార ఉంటుంది చూడండి, అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. మిసిసిపీ నదీ ప్రాంతపు జీవి. కొనేటప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. ఆడదైతే డొప్పే 10 నుంచి 12 అంగుళాలు పెరుగుతుంది, 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. తొట్టి కొనేముందు ఆ సైజు గుర్తుంచుకోండి.

డొప్ప పొడవు ప్రతి అంగుళానికి 40 లీటర్ల నీళ్లు కావాలి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న తొట్టిని ముప్పావు వరకు నింపితే 340 లీటర్లు. మగదానికి చాలు, పెద్ద ఆడదానికి చాలదు. 340 లీటర్లంటే 340 కిలోలు, గాజు బరువు అదనం. అపార్టుమెంటులో అయితే బీమ్ మీద లేచిన గోడ పక్కనే పెట్టండి.

నీళ్ల సంగతి అందరూ పట్టించుకుంటారు. నా దృష్టిలో అసలు నష్టం జరిగేది పొడి చోటు దగ్గర. తాబేలు నీళ్లలోంచి పూర్తిగా పైకెక్కి, పొట్ట కింది డొప్ప కూడా ఆరేలా ఒక మెట్ట ఉండాలి. ఎక్కడానికి గరుకైన వాలు కావాలి, నున్నటి ప్లాస్టిక్ మీద గోళ్లు జారిపోతాయి. మెట్ట మీద వేడి 32 నుంచి 35 డిగ్రీలు. దానికో బల్బు, పక్కనే యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే ట్యూబు, రోజుకు 10 నుంచి 12 గంటలు. కిటికీలోంచి ఎండ పడుతోంది కదా అంటారు. మూసిన అద్దం యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది. అది అందకపోతే విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు, డొప్ప మెత్తబడుతుంది. ట్యూబు వెలుగుతున్నా లోపల యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది. ఏడాదికోసారి తప్పక మార్చండి, కొన్ని రకాలకు 6 నెలలే. ట్యూబుకీ తాబేలుకీ మధ్య గాజు మూత ఉండకూడదు.

ఫిల్టరు తొట్టి నీళ్లకు రెండు మూడింతల సామర్థ్యమున్నది కొనండి. తాబేలు చేపలకన్నా చాలా ఎక్కువ మలినం చేస్తుంది. ఫిల్టరు స్పాంజిని నల్లా కింద కడిగితే క్లోరిన్‌కు మంచి బాక్టీరియా చచ్చిపోయి, మలినంలోంచి వచ్చే విషపు అమ్మోనియా నీళ్లలో పెరుగుతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో ముందే యాంటీ క్లోరిన్ కలపండి. మన బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ సున్నం ఎక్కువ, హీటరు మీద తెల్లగా పేరుకుంటుంది. అడుగున సన్న గులకరాళ్లు వద్దు, మింగితే పేగులో అడ్డం పడతాయి. తలకన్నా పెద్ద రాళ్లు వేయండి, లేదా ఖాళీగా వదిలేయండి.

నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలుండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర కూడా హీటరు అవసరమే. మే నెలలో బాల్కనీలో తొట్టి పెట్టకండి, నీళ్లు కాగిపోతాయి. నీళ్లు తీసేముందు హీటరు ప్లగ్ పీకి 15 నిమిషాలు ఆగండి. వేడిగా ఉండగా నీళ్లు దిగిపోతే హీటరు గాజు పగులుతుంది, కరెంటు షాకు కొడుతుంది.