రెండు ఉల్లి బస్తాలు మోస్తూ కత్తి తిప్పే వీరుడు

నమస్కారం, కర్నూలు నుంచి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ సాహస కథ నడిపే ఆట) ఆడేవాళ్ల కోసమే ఈ వీడియో కాబట్టి డైస్ ఎలా వేయాలో చెప్పను. నేరుగా బరువు సంగతికి వస్తాను. ఎక్కడ ఆడినా ఒకటే మాట: "నా బలం 15. 225 పౌండ్లు మోయగలను. ఇంకా లెక్కలెందుకు?"

గుణకారం సరిగ్గానే చేశారు. బలం అంటే పాత్ర ఎంత బలవంతుడో చెప్పే అంకె. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఆ అంకెను 15తో గుణిస్తే మోయగలిగే గరిష్ఠ బరువు వస్తుంది. 225 పౌండ్లంటే దాదాపు 102 కిలోలు. ఒకసారి మన మార్కెట్ యార్డుకు రండి. ఉల్లి బస్తా 50 కిలోలు అనుకుందాం. అంటే మీ వీరుడు రెండు బస్తాలు వీపున వేసుకుని, వేగం ఏమాత్రం తగ్గకుండా, ఆరు సెకన్లలో 30 అడుగులు నడిచి గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడి మీద కత్తి దూస్తాడు!

యార్డులో హమాలీని చూడండి. ఒక్క బస్తా వీపుకెత్తుకోగానే నడుము వంగుతుంది, అడుగులు చిన్నవవుతాయి, చూపు నేల మీదే ఉంటుంది. ఎదురుగా ఎవరైనా వస్తే దూరం నుంచే కేక వేస్తాడు. ఆ బరువుతో చటుక్కున పక్కకు తప్పుకోలేడు కదా. మోయడం వేరు, మోస్తూ పోట్లాడడం వేరు.

ఈ తేడాను పట్టించుకునే ఐచ్ఛిక నియమం ఆ 2014 ఎడిషన్ పుస్తకంలోనే ఉంది. చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. మోసే బరువు (పౌండ్లలో) బలం అంకెకు అయిదు రెట్లు దాటితే వేగం 10 అడుగులు తగ్గుతుంది. పది రెట్లు దాటితే 20 అడుగులు తగ్గడమే కాదు, బలం, చురుకుదనం, దేహదారుఢ్యం మీద ఆధారపడే ప్రతి పనికీ రెండు డైస్ వేసి తక్కువ వచ్చింది తీసుకోవాలి. బలం 15 ఉన్నవాడికి ఆ గీతలు 75 పౌండ్లు, 150 పౌండ్లు. ఒక ఉల్లి బస్తా 110 పౌండ్లు, అంటే మొదటి గీత దాటినట్టే. రెండో బస్తా ఎత్తుకుంటే దాడి కూడా దెబ్బతింటుంది.

బస్తాలు ఎవరు మోస్తారంటారా? గొలుసు కవచం 55 పౌండ్లు. ప్రయాణ సామాన్ల మూట, అంటే ఎక్స్‌ప్లోరర్స్ ప్యాక్, 59. ఆయుధం పట్టకముందే 114, అంటే మీ వీపు మీద ఒక ఉల్లి బస్తా కూర్చున్నట్టే. బలం 8 ఉన్న విజార్డ్ (మంత్రగాడు) సంగతి ఇంకా ఘోరం. అతనికి మొదటి గీత 40 పౌండ్లే. ప్యాక్ తగిలించుకుంటే చాలు, మెల్లబడ్డాడు. అందులో పది రోజుల తిండే 20 పౌండ్లు, జనపనార తాడు 10, కాగడాలు 10. ఏది వదిలేస్తారు? ఈ ప్రశ్న దగ్గరే ఆట మొదలవుతుంది. దీన్ని విసుగు అనేవాళ్లతో నాకు పొసగదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలినాటి ఎడిషన్లలో ఇది ఇంకా సూటిగా ఉండేది. పాత్ర ఎదగడానికి కావాల్సిన అనుభవ పాయింట్లు ఎక్కువగా బంగారం బయటికి తెస్తేనే వచ్చేవి, పది నాణేలకు ఒక పౌండు బరువు. 5,000 నాణేలు దొరికితే 500 పౌండ్లు, నాలుగున్నర బస్తాలు! నిధి దొరకడం సగం పని, దాన్ని మోసుకు రావడం మిగతా సగం. అయిదో ఎడిషన్‌లో 50 నాణేలకు ఒక పౌండు చేశారు. అదే నిధి 100 పౌండ్లకు దిగింది, అయినా ఒక బస్తాకు కాస్తే తక్కువ.

బరువొక్కటే చూసినా చాలదు. అదే బస్తా నిండా బొరుగులు పోయండి. తేలికే, కానీ ఇరుకు సొరంగంలో దూరదు. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్, దాని రెండో ఎడిషన్‌లో పౌండ్లు తీసేసి 'బల్క్' పెట్టారు. బరువు, పట్టుకోవడంలో ఇబ్బంది రెండూ కలిపి ఒకే అంకె. అయిదుకు బలం మాడిఫయర్ (బలాన్ని బట్టి డైస్‌కు కలిపే అంకె) కలపండి, అది దాటితే భారం పడినట్టే. పౌండ్లు కూడడం ఇష్టం లేనివాళ్లు ఇది చూడండి, నాకు ఇదే నచ్చుతుంది.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 2014 నియమాల్లో బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనే మాయా సంచిలో 500 పౌండ్లు పడతాయి, ఎంత నింపినా దాని బరువు 15 పౌండ్లే. దాన్ని అలాంటి మరో సంచిలో పెట్టారా, రెండూ నాశనమై ఆస్ట్రల్ అనే మరో లోకానికి ద్వారం తెరుచుకుంటుంది. ఆ సంచి కొనే స్తోమత లేకపోతే 8 బంగారు నాణేలకు ఒక కంచరగాడిద వస్తుంది, 420 పౌండ్లు మోస్తుంది. తాడు పట్టుకుని బావిలోకి మాత్రం దిగదు, పైన కాపలాకు ఒకరిని పెట్టుకోవాలి. దాని దాణా రోజుకు 10 పౌండ్లు, అది కూడా జాబితాలో రాసుకోండి.