ఒక్క మనిషి అంటే 8 శాతం: కొరిప్పో జనాభా కథ

[తెర మీద: నిటారు కొండవాలు, ఒకదాన్నొకటి ఆనుకున్న రాతి ఇళ్ళు, బూడిదరంగు పలకల కప్పులు]

ఈ ఊరి పేరు కొరిప్పో. స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే తిచీనో రాష్ట్రం, వెర్జాస్కా లోయ. 2010ల చివర్లో ఇక్కడ ఉన్నది డజను మంది. ఊరంతా ఒక షేర్ ఆటోలో పట్టేస్తుంది. అయినా అప్పటికి ఇది సొంత పాలకమండలి ఉన్న 'కొమూనె'. మన పంచాయతీ లాంటిదే అనుకోండి, కాకపోతే ఆదాయపు పన్నులో తన వాటా ఎంతో కూడా తనే నిర్ణయించుకుంటుంది.

[గ్రాఫ్: కిందికి దిగే గీత]

1850లో ఇక్కడ దాదాపు 300 మంది ఉండేవారు. 2000 నాటికి 22 మంది మిగిలారు.

ఏమైంది? ఏ వరదో, తెగులో కాదు. వాలు మీద చారెడు నేల, దాంతో పొట్ట గడవదు. 19వ శతాబ్దంలో తిచీనో లోయల నుంచి జనం కాలిఫోర్నియాకీ ఆస్ట్రేలియాకీ ఓడలెక్కారు. వెర్జాస్కా పిల్లల్ని చలికాలంలో ఉత్తర ఇటలీ పట్నాలకి పొగగొట్టాలు దులిపే పనికి పంపేవారు. సన్నగా ఉంటారు, గొట్టంలో దూరతారు అని! తర్వాతి తరాలు ఉద్యోగాల కోసం కింద లోకార్నో పట్నం వైపు దిగిపోయాయి. వెళ్ళినవాళ్ళు పెళ్ళీడు వాళ్ళు. వాళ్ళకి పుట్టాల్సిన పిల్లలు కూడా ఆ బస్సులోనే వెళ్ళిపోయినట్టు లెక్క.

[తెర మీద: 12 బొమ్మలు, వాటిలో 10 నెరిసిన జుట్టుతో]

ఇప్పుడు అసలు తిరకాసు. లెక్క సులువుగా ఉండాలని ఊళ్ళో 12 మంది ఉన్నారనీ, అందులో 10 మంది 65 దాటినవాళ్ళనీ అనుకుందాం. వృద్ధులు 83 శాతం. ఒకరు చనిపోతే జనాభా 8 శాతం పైగా తగ్గుతుంది. మరణాల రేటు వెయ్యికి 83. స్విట్జర్లాండ్ సగటు వెయ్యికి 8 దగ్గర ఉంటుంది. అంకె మాత్రమే చూసినవాడు "అమ్మో, అక్కడేదో మహమ్మారి వచ్చింది" అని టెన్షన్ పడతాడు. జరిగింది ఒక పెద్దావిడ పోవడం, అంతే. ఎవరూ పోకుండా, అదే 12 మంది ఊళ్ళోకి నలుగురున్న కుటుంబం వచ్చి చేరితే? 33 శాతం పైగా వృద్ధి! ఏ నగర మేయరూ కలలో కూడా చూడని అంకె.

అందుకే ఇంత చిన్న ఊరికి శాతాలు చెప్పేవాళ్ళని నేను నమ్మను. తలలు లెక్కపెట్టి చెప్పండి చాలు.

మరి తలల్ని ఎలా లెక్కపెడతారు? 2000 వరకూ సాధారణంగా పదేళ్ళకోసారి జనగణన జరిగేది. 2010 నుంచి నివాస రిజిస్టర్ల ఆధారంగా ఏటా డిసెంబరు 31 నాటి సంఖ్య తీస్తున్నారు. అక్కడ శాశ్వత నివాసం నమోదైన వాళ్ళే లెక్క. ఆగస్టులో తాతల నాటి ఇంటి తాళం తీసి నెల రోజులు గడిపి వెళ్ళేవాళ్ళు ఈ లెక్కలోకి రారు. కాబట్టి వేసవిలో మీకు కళకళలాడుతూ కనిపించిన ఊరు, పట్టికలో డజను దగ్గరే ఉండేది.

[మ్యాప్: చిన్న గీతలు చెరిగి ఒక పెద్ద కొమూనెగా కలవడం]

డజను మందిలో పాలకమండలికి ముగ్గుర్ని వెతకడమే పెద్ద పని. చివరికి 2020 అక్టోబర్ 18న కొరిప్పో చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి 'వెర్జాస్కా' కొమూనె అయింది. దేశంలో అతి చిన్న కొమూనె అన్న పేరు సోలోతుర్న్ రాష్ట్రంలోని కామర్స్‌రోర్‌కి వెళ్ళింది. అక్కడ సుమారు 30 మంది.

కొమూనెల పట్టికలో కొరిప్పో వరుస పోయింది. ఊరు ముసలిదవడం ఆగలేదు. వందల మంది సగటులో కలిసి కనపడకుండా పోయింది, అంతే.

[తెర మీద: రాత్రి, కొన్ని కిటికీల్లో దీపాలు]

2022లో కొన్ని ఖాళీ ఇళ్ళు హోటల్ గదులయ్యాయి. ఊరంతా పరుచుకున్న హోటల్. అతిథులు ఎంతమంది వచ్చినా రిజిస్టర్‌లోకి ఎక్కరు. పని చేయడానికి వచ్చి ఇక్కడే నివాసం నమోదు చేసుకున్నవాళ్ళు మాత్రం ఎక్కుతారు. మన 12 మంది ఊళ్ళో అలా ఇద్దరు చేరితే 17 శాతం వృద్ధి. కానీ ఇప్పుడది కొరిప్పో పేరు మీద కాదు, వెర్జాస్కా పేరు మీద పడుతుంది.