అన్‌ఫిట్ అని రాసి పంపేస్తే సరిపోదు
(చెన్నై తెలుగువారి సభలో, ప్రపంచ ఎయిడ్స్ దినం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ ఏర్పాటు చేసిన సంఘం వారికి, సెలవు రోజు పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెబుతూ పోతే నాకిచ్చిన సమయంలో సగం అక్కడే అయిపోతుంది, పెద్దలు మన్నించాలి. డిసెంబరు 1 కాబట్టి నివారణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నివారణ గురించి మీరు విననిది పెద్దగా లేదు. మనవాళ్లలో ఎవరూ సభ పెట్టి మాట్లాడని సంగతి ఒకటి ఉంది. హెచ్‌ఐవి ఉందన్న ఒక్క కారణంతో మనిషిని దేశంలోకి రానివ్వని, ఉన్నవాణ్ని వెళ్లగొట్టే నియమాలు. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మన దేశంలో హెచ్‌ఐవిని మొదట గుర్తించింది ఈ ఊళ్లోనే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల రక్త నమూనాలు సేకరించి వేలూరు తీసుకెళ్లి పరీక్ష చేయించింది. ఆ మరుసటి ఏడాదే, 1987లో, అమెరికా హెచ్‌ఐవిని ప్రమాదకర అంటువ్యాధుల జాబితాలో చేర్చి విదేశీయులకు తలుపు మూసింది. 1993లో కాంగ్రెస్ దాన్ని చట్టంలోకే ఎక్కించింది. మందు లేని కాలం అది, భయం సహజం అనుకుందాం. కానీ ప్రయాణికుల రక్తం పరీక్షించి ఈ వైరస్‌ను ఆపలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 1987లోనే చెప్పారు. తెలియక చేసిన పని కాదన్నమాట.

1989 ఏప్రిల్‌లో హాన్స్ పాల్ వెర్‌హూఫ్ అనే డచ్చి దేశస్థుడు శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఆరోగ్య సదస్సుకు బయల్దేరాడు. ఎయిడ్స్ గురించి జనానికి బోధించడమే ఆయన పని. మినియాపొలిస్ విమానాశ్రయంలో సంచీ సోదా చేశారు. హెచ్‌ఐవికి వాడే ఏజెడ్‌టీ మాత్రలు దొరికాయి. మరే రుజువూ అవసరం లేకపోయింది, కొన్ని రోజులు జైల్లో పెట్టారు. గమనించండి, ఆయన్ని పట్టిచ్చింది జబ్బు కాదు, మందు. ఇది తెలిశాక ప్రయాణికులు ఏం చేస్తారు? మాత్రలు ఇంట్లో వదిలేసి విమానం ఎక్కుతారు. లేకపోతే సీసా మీది లేబుల్ పీకేసి విటమిన్ డబ్బాలో పోసుకుంటారు. ఇప్పటికీ అదే చేస్తున్నారు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ జరిగితే ఈ నిషేధానికి నిరసనగా ఎన్నో సంస్థలు బహిష్కరించాయి. 1992లో బోస్టన్‌లో జరగాల్సిన సభను ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చేశారు. 1990 సభ తర్వాత 22 ఏళ్లకు, 2012లో అది అమెరికాకు, వాషింగ్టన్‌కు తిరిగి వచ్చింది. నిషేధం 2010 జనవరి 4న పోయింది గనుకనే వచ్చింది. అదే ఏడాది దక్షిణ కొరియా, చైనా కూడా సడలించాయి. కొరియాలో విదేశీ ఇంగ్లీషు టీచర్లకు పరీక్ష మాత్రం మిగిలిపోయింది. న్యూజీలాండ్ టీచరు ఒకామె ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్లింది. 2015లో ఆమె పక్షాన అభిప్రాయం వచ్చింది, 2017లో ఆ పరీక్ష ఎత్తేశారు. ఒక్క మనిషి పట్టుబట్టితే జరిగింది.

అమెరికా వీసాకు ఇప్పుడు హెచ్‌ఐవి పరీక్ష లేదు. ఈ హాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది ఉన్నారు, ఇంకా ఉందనుకుని భయపడేవాళ్లు ఉంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బ్రిటన్‌లో 6 నెలలకు మించి ఉండబోయేవాళ్లకు అడిగేది క్షయ పరీక్ష మాత్రమే. న్యూజీలాండ్ 2021లో హెచ్‌ఐవిని తన జాబితాలోంచి తీసేసింది. కెనడా, ఆస్ట్రేలియాల్లో శాశ్వత నివాసానికి 15 ఏళ్లు దాటినవాళ్లకు పరీక్ష ఉంది. అక్కడ జబ్బు పేరు చెప్పి కాదు, వైద్యానికి అయ్యే ఖర్చు లెక్కగట్టి, అది ఒక పరిమితి దాటితే ఆపుతారు. ఆ పరిమితిని కెనడా 2018లో మూడింతలు చేసింది, ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి 86,000 డాలర్లకు పెంచింది.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లలో, అంటే హెచ్‌ఐవి మందులిచ్చే కేంద్రాల్లో, ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. రోజుకు ఒకటి. 2017లో పేద దేశాల కోసం దీని ధర ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్లుగా ఒప్పందం చేసినప్పుడు అందులో ఉన్న కంపెనీల్లో ఒకటి మన హైదరాబాద్ అరబిందో. ఆ తర్వాత ధర ఇంకా తగ్గింది. హైదరాబాద్ కంపెనీ చేసిన మాత్ర ఆఫ్రికా ఖండమంతా తిరుగుతోంది. ఆ మాత్ర వేసుకునే జగిత్యాల మనిషి మాత్రం దుబాయిలో దిగి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, తెచ్చుకోలేడు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే. 2019లో యూఎన్ ఎయిడ్స్ లెక్క ప్రకారం ఏదో ఒక రూపంలో ఆంక్షలున్న దేశాలు, ప్రాంతాలు 48. అందులో కనీసం 30 చోట్ల ప్రవేశానికో నివాసానికో నిషేధం, 19 చోట్ల విదేశీయులను వెనక్కి పంపేయడం. మనవాళ్లు బతుకుతెరువుకు వెళ్లే గల్ఫ్ దేశాలు ఈ కోవలోవే. సింగపూర్ 2015లో కొద్దికాలపు సందర్శకులకు తలుపు తెరిచింది గానీ పని పర్మిట్‌కు పరీక్ష అలాగే ఉంది. మలేసియాలోనూ కూలీ వీసాకు పరీక్ష ఉంది.

కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల దాకా అందరూ ముందు 'మెడికల్' గట్టెక్కాలి. గల్ఫ్ దేశాలు గుర్తించిన మెడికల్ కేంద్రాల ఏర్పాటును ఇదివరకు గామ్కా అనేవాళ్లు, ఇప్పుడు వాఫిద్ అని ఆన్‌లైన్‌లో చీటీ తీసుకుంటారు, కేంద్రాన్ని ఆ చీటీయే నిర్ణయిస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, మూత్రం, రక్తంలో హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్. చివరికి కాగితం మీద ఫిట్ లేదా అన్‌ఫిట్. అక్కడ దిగాక అకామా కోసం మళ్లీ పరీక్ష. కొన్ని చోట్ల అకామా రెన్యువల్‌కు ఇంకోసారి. అదే దేశానికి అదే విమానంలో టూరిస్టు వీసా మీద వెళ్లేవాళ్లకు ఏ పరీక్షా లేదు. వైరస్‌కు వీసా రకం తెలుస్తుందా? జనాన్ని కాపాడడానికే ఈ పరీక్ష అయితే టూరిస్టును ఎందుకు వదిలేశారు? దయచేసి ఈ ప్రశ్న మీరందరూ ఇంటికి వెళ్లాక మీ వాళ్లను అడగండి.

అన్‌ఫిట్ అని వచ్చిన కుర్రాడికి ఏమవుతుందో వరసగా చెబుతాను. కారణం చాలాసార్లు చెప్పరు. కాగితం ఏజెంటు చేతికి వెళ్తుంది. మన జాతీయ నియమావళి ప్రకారం ఒక్క పరీక్ష రియాక్టివ్, అంటే ఉండొచ్చనే సూచన, వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవి ఉందని తేల్చకూడదు. మూడు వేర్వేరు కిట్లతో చేసి మూడూ రియాక్టివ్ అయితేనే నిర్ధారణ. మొదటి కిట్‌లో తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి కాబట్టే ఈ పద్ధతి పెట్టారు. వీసా మెడికల్‌లో నిర్ధారణ సంగతి పట్టించుకోకుండానే 'అన్‌ఫిట్' రాసి పంపితే, లేని జబ్బుకు ఉద్యోగం పోయినవాళ్లూ ఉంటారు, ఉన్న జబ్బు తెలియనివాళ్లూ ఉంటారు. రెండోది ఇంకా ప్రమాదం. ఏజెంటు ఏమంటాడు? ఆ దేశం కాకపోతే ఇంకోటి చూద్దాం, విజిట్ వీసా మీద దించుతా, ఇంకో యాభై వేలు కట్టు అంటాడు. పొలం మీద అప్పు తెచ్చి కడతారు. అక్కడ అకామా మెడికల్‌లో దొరికిపోతాడు. నిర్బంధంలో పెడతారు, జీతం బకాయి పోతుంది, మందు ఉండదు, చివరికి విమానం ఎక్కిస్తారు. ఊళ్లో దిగేసరికి సీడీ4, అంటే జబ్బులతో పోరాడే కణాల లెక్క, పడిపోయి క్షయతో వస్తారు. ఊరికి మాత్రం అప్పుడే తెలుస్తుంది, ఎందుకు పంపేశారో.

ఈ పరీక్ష జరిగేది రియాద్‌లో కాదు, చెన్నైలో, హైదరాబాద్‌లో. సూది మనది, ల్యాబ్ మనది, టెక్నీషియన్ మనవాడు. ఇక్కడ చట్టం ఉంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగానికి షరతుగా హెచ్‌ఐవి పరీక్ష పెట్టడాన్ని సెక్షన్ 3 వివక్ష అంటుంది. సెక్షన్ 5 ప్రకారం పరీక్షకు తెలిసి ఇచ్చిన అంగీకారం కావాలి, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉండాలి. మనిషి ఒప్పుకోకుండా ఫలితం మూడోవాడికి చెప్పకూడదు. గల్ఫ్ ప్రభుత్వం అడిగింది కదా అంటారు. అడగనీయండి. అడిగినా ఇక్కడి గది లోపల కౌన్సెలరును కూర్చోబెట్టవద్దని వాళ్లేం చెప్పలేదు. ఫలితం మనిషి చేతికివ్వవద్దని చెప్పలేదు. దగ్గర్లోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవి కౌన్సెలింగ్, పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రానికి, రాసివ్వవద్దని చెప్పలేదు. మనం చేయట్లేదు, అంతే. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇక్కడే.

ఇప్పుడు వైద్యపరంగా. మందులు సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, మిల్లీలీటరుకు 200 కాపీల లోపు నిలిచిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఇది ఎవరో పొద్దుపోక చెప్పింది కాదు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేని 1,763 జంటల మీద 9 దేశాల్లో పరిశోధన జరిగింది. అందులో మన చెన్నై జంటలూ ఉన్నారు. ముందే మందు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. తర్వాత యూరప్‌లో జరిగిన పరిశోధనల్లో వైరల్ లోడ్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. అయినా చెన్నై జంటలు ఇచ్చిన రుజువుతో లోకమంతా లాభపడుతోంది, సరిహద్దు నియమాలు మాత్రం 1987లోనే ఆగిపోయాయి.

లెక్క వేయండి. గల్ఫ్ కాంట్రాక్టు 2 ఏళ్లు, అంటే 730 మాత్రలు. నిలకడగా ఉన్నవాళ్లకు ఏఆర్‌టీ సెంటర్ ఒకసారి ఇచ్చేది 3 నెలలకు, సుమారు 90. మిగిలిన 640 ఎలా? ఇంట్లోవాళ్లు తీసుకుని ఊరివాళ్లతో పంపాలి, లేదా పార్సిల్ చేయాలి. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగితే మనిషి దొరికినట్టే. అందుకని రెండు రోజులకొకటి వేసుకుంటారు, కొందరు పూర్తిగా మానేస్తారు. మానేసిన కొద్ది వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. సగం సగం వేసుకుంటే మందుకు లొంగని వైరస్ పుడుతుంది. జనాన్ని కాపాడతామని పెట్టిన నియమమే వైరల్ లోడ్ పెంచుతోంది. అక్కడ పనిచేస్తూ సోకినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు పరీక్ష చేయించుకోరు, ఎందుకంటే పరీక్ష అంటే ఇంటి టికెట్.

ప్రయాణం చేసేవాళ్లకు కొంచెం, త్వరగా చెబుతాను. టికెట్ కొనకముందు ఆ దేశం నియమం కనుక్కోండి, నిషేధం ఉన్న చోట మాత్రల సీసాయే సాక్ష్యమవుతుంది. నిషేధం లేని చోటికి మాత్రలు కంపెనీ సీసాలోనే, చేతిసంచీలో పెట్టుకోండి. లగేజీలో వేస్తే, అది ఇంకో ఊరు పోతే మందు పోయినట్టే. తిరుగు ప్రయాణం ఆలస్యమైనా సరిపోయేలా 15 రోజుల ప్రయాణానికి 30 మాత్రలు. డాక్టరు చీటీలో మందుల జెనెరిక్ పేర్లు, మోతాదు ఉండాలి, జబ్బు పేరు అక్కర్లేదు. ఇక్కడ రాత్రి 9కి వేసుకునేవాళ్లకు దుబాయిలో అది ఏడున్నర, ఆ గంటకే వేసుకుంటే చాలు. డొలుటెగ్రవిర్‌ను యాంటాసిడ్‌తో కలిపి వేయకూడదు. వేయాల్సి వస్తే మాత్ర 2 గంటల ముందు, లేదా యాంటాసిడ్ తర్వాత 6 గంటలకు. మెడికల్ గట్టెక్కడానికి ఎవరైనా మందు మానేయమంటే వినకండి. ఆ పరీక్షలో చూసేది యాంటీబాడీలు, మందు మానేసినా అవి పోవు. మీ ఆరోగ్యం ఒక్కటే పోతుంది.

అయ్యా, అమ్మా, ఈ సభ ఒక తీర్మానం చేయాలని కోరుతున్నాను. మన ప్రభుత్వం గల్ఫ్ దేశాలతో కార్మిక ఒప్పందాలు చేసుకునేటప్పుడు హెచ్‌ఐవిని అన్‌ఫిట్ జాబితాలోంచి తీయమని అడగాలి. అది అయ్యేదాకా ఇక్కడి మెడికల్ కేంద్రాల్లో 2017 చట్టం అమలు చేయించాలి: కౌన్సెలరు, అంగీకార పత్రం, నిర్ధారణ పరీక్ష, ఫలితం మనిషి చేతికే, ఐసీటీసీకి చీటీ. నిర్బంధంలో ఉన్న మనవాళ్లకు విమానం ఎక్కేదాకా మందు అందేలా మన రాయబార కార్యాలయాలు చూడాలి. మీ ఇంట్లోనో మీ వీధిలోనో చేతిలో అన్‌ఫిట్ కాగితం ఉన్నవాళ్లుంటే ఏజెంటు దగ్గరికి మళ్లీ పోవద్దని చెప్పండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయమనండి, డబ్బు తీసుకోరు. ఏ ప్రభుత్వ ఆస్పత్రి ఐసీటీసీలోనైనా పరీక్ష ఉచితం, మందు అవసరమైతే అదీ ఉచితం. తీర్మానం కాగితం కార్యదర్శి గారి దగ్గరుంది, ఇప్పుడు చదువుతారు. ఓటుకు పెట్టేముందు ఎవరికైనా సందేహాలుంటే అడగండి. అందరి ముందు అడగలేనివాళ్లు చీటీ రాసి ముందు వరసలోకి పంపండి, పేరు రాయనక్కర్లేదు.